చిటికెడు ఉప్పుకు ఆహ్వానం లేదు

దేశాలు తమ ఆలోచనలను పంచుకుంటే తప్ప ఆరోగ్య సమానత్వం సిద్ధించదన్న సత్యాన్ని నేను రెండేళ్ల క్రితం హైదరాబాదులోని ఒక నక్షత్రాల హోటల్లో, మెడలో ప్రతినిధి బిళ్ల వేలాడుతుండగా, మూడు రకాల బిర్యానీల అనంతరం గ్రహించాను. తెర మీద ప్రపంచ పటం, పటం నిండా బాణాలు. అవన్నీ డబ్బున్న దేశాల్లో బయలుదేరి డబ్బులేని దేశాల్లో దిగబడుతున్నాయి. ఎదురు దిక్కున ఒక్క బాణమూ లేదు. బీద దేశాలకు ఆలోచించే శ్రమ ఎందుకని నిర్వాహకులు జాలిపడి ఉంటారు.

సరిగ్గా అప్పుడే, అతిసారంపై అరగంట ప్రసంగించి వేదిక దిగిన ఒక పెద్దమనిషికి అతిసారం పట్టుకుంది. (రొయ్యల వేపుడును నేను మొదటి నుంచీ అనుమానిస్తూనే ఉన్నాను.) హాలునిండా ప్రజారోగ్య నిపుణులే కనుక కంగారు పడవలసిన పని లేదనుకున్నాను. ఒకరు ఇది నీటి వల్లనా, ఆహారం వల్లనా అన్నది ముందుగా తేలాలన్నారు. మరొకరు ఉపసంఘం వేయాలన్నారు. మూడవవారు బాధితుడి అనుమతితో ఫొటో తీసుకున్నారు. ఇంతలో ఒక కార్యకర్త మందుల దుకాణానికి పరుగెత్తి ఆపిల్ రుచిగల పానీయం డబ్బా తెచ్చాడు. దాని మీద ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు ఒంట్లో తగ్గిన నీటినీ లవణాలనూ భర్తీ చేసే ఉప్పు-చక్కెర నీళ్లు) అన్న అక్షరాలు గోడ మీది ఎన్నికల రాతలంత పెద్దవిగా ఉన్నాయి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదన్న వాక్యం మాత్రం చీమలు చదువుకునేందుకు వీలుగా కింద అచ్చయింది. చివరకు హోటల్ వైద్యుడు వచ్చి, స్టాండు దొరకక, సదస్సు బ్యానరు కట్టిన ఇనుప కమ్మీకే సెలైన్ సీసా వేలాడదీశాడు. 'సమానత్వం' అన్న అక్షరాల మీదుగా గొట్టం దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

హోటల్ వంటింట్లో ఉప్పుకూ చక్కెరకూ కరువు ఉండదు. లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, కాస్త పొటాషియం క్లోరైడు, కాస్త సిట్రేటు: ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం మొత్తం ఇంతే. ఆ ఆపిల్ డబ్బాలో ఇందుకు ఎన్నో రెట్లు చక్కెర ఉంటుంది. చక్కెర మితిమీరితే పేగులోకి నీరు లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదుకే చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పోరాడగా, ఆ మూడక్షరాలను ఇష్టానుసారం వాడుకోరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో సెలవిచ్చింది. అంతవరకూ చీమల చదువు నిరాటంకంగా సాగింది.

ఈ ఉప్పునీళ్లకు తెరమీద బాణం ఎందుకు లేదో నాకు తెలుసు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగి, సెలైన్ నిండుకున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలకత్తాలోని ఒక గ్రంథాలయ గదిలో ఉప్పు, వంటసోడా, గ్లూకోజు పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపి, తల్లుల చేతనే తాగించారు. నూటికి ముప్పై వరకూ ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆ తరువాత 1980 నుంచి పదేళ్లపాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు కలపడం నేర్పారు. అందులో నాకు అత్యంత ప్రీతిపాత్రమైన సంగతి ఒకటుంది: కొన్ని వారాల తరువాత వేరొకరు వెళ్లి, ఆ తల్లికి ఎంత గుర్తుందో పరీక్షించేవారు, ఆ గుర్తును బట్టే నేర్పినవారికి జీతం. ఈ పద్ధతి మన సదస్సుల్లో ప్రవేశపెడితే వక్తలు ఇంటికి ఆటో కిరాయి అప్పు చేసి వెళ్లవలసి వస్తుంది. ఇంత ప్రమాదకరమైన ఆలోచనను ఏ దేశం దిగుమతి చేసుకుంటుంది?

నవ్వు ఇక్కడితో చాలిస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందినవారు నూటికి 60.6 మంది. తక్కినవారికి ఆ పొట్లం అందలేదు. ఇదంతా కమీషన్ల మహిమేనని నేను చాలాకాలం నమ్మాను. కర్ణాటక, బీహార్‌లలో రెండు వేల మందికి పైగా వైద్యం చేసేవారిని పరిశీలించి 2024లో వెలువరించిన అధ్యయనం నా నమ్మకాన్ని చెరిపింది: ఓఆర్‌ఎస్ రాయకపోవడంలో డబ్బాశ పాత్ర 5 శాతం, సరుకు లేకపోవడం 6 శాతం, 'వచ్చినవారికి ఓఆర్‌ఎస్ ఇష్టం ఉండదులే' అన్న ఊహ 42 శాతం. ఊహ! మాడు గుంటపడి, కళ్లు లోపలికి పోయి, ఏడిస్తే కన్నీరు కూడా రాని బిడ్డను ఒళ్లో పెట్టుకుని వచ్చిన తల్లిని 'ఈ పొట్లం కలిపి పడతావా అమ్మా' అని అడగడానికి మీ నోరు పెగలలేదా? తెల్లకోటు తొడుక్కుని ఆమె మనసులో మాటను మీరే కనిపెట్టి, మీరే కాదనుకుని, సీసా తగిలించి పంపుతారా? సూది వేయని డాక్టరుకు ఫీజు దండగ అనుకునే మనం తక్కువ తినలేదు. ఆ ఊహకు ఏళ్లుగా నీరు పోసి పెంచింది మనమే.

ముగింపు సభలో నేను చేయెత్తి, బ్రాక్ పద్ధతిలో ఒకే ఒక్క ప్రశ్న అడుగుతానన్నాను: లీటరుకు ఉప్పు ఎంత? ప్రశ్నలకు వ్యవధి లేదనీ, గోల్కొండ చూపించే బస్సు సిద్ధంగా ఉందనీ అధ్యక్షులు ప్రకటించారు. సెలైన్ ఎక్కించుకున్న పెద్దమనిషి అప్పటికే కిటికీ పక్క సీటులో ఆసీనులై, ఆపిల్ డబ్బాకు గొట్టం గుచ్చుతున్నారు.