పటంలో లేని జిల్లాకు టార్గెట్ ఎందుకు?

మన దగ్గర కొత్త జిల్లా ఏర్పడాలంటే గెజిట్ నోటిఫికేషన్ ఒక్కటే చాలదు. కలెక్టరేట్‌కు బోర్డు పెట్టి, ఎస్పీని వేసి, రిబ్బన్ కత్తిరించినా పని పూర్తయినట్టు కాదు. ప్రాంతాల పేర్లు ఇస్తే పటం గీసి రంగులు వేసే ఎక్సెల్ మ్యాప్ చార్ట్ కూడా ఒప్పుకోవాలి.

ములుగునే తీసుకోండి. నారాయణపేటతో పాటు 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది. నెలాఖరు రివ్యూలో తెర మీద తెలంగాణ పటమంతా నీలంగా వెలుగుతుంటే, ములుగు ఉండాల్సిన చోటు మాత్రం తెల్లగా కనిపిస్తుంది. బాస్ కళ్లజోడు సర్దుకుని, "అక్కడ మన బిజినెస్ జీరోనా?" అంటారు. "బిజినెస్ ఉంది సార్, జిల్లానే లేదు" అనే ధైర్యం ఆ గదిలో ఎవరికీ ఉండదు. ములుగు సేల్స్ ఆఫీసర్‌కు మెమో వెళ్తుంది.

ఆ తర్వాత మొదలవుతుంది స్పెల్లింగ్ విచారణ. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మధ్యలో 'ఎ' ఉండాలా వద్దా? ఉండాలనే వర్గం, వద్దనే వర్గం ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. ఈ గొడవలో ఎవరో మహబూబాబాద్ అని కొట్టేస్తారు. అదేమో ఇంకో జిల్లా. అన్నీ సరిగ్గా రాసినా పేరు చివర ఒక స్పేస్ దాక్కుని ఉండొచ్చు. ట్రిమ్ ఫార్ములా వేస్తే మామూలు స్పేస్ పోతుంది. వెబ్‌సైట్ నుంచి కాపీ చేసినప్పుడు వెంట వచ్చే, చూపుకు అలాగే ఉండే 160వ నంబరు స్పేస్ మాత్రం దానికి లొంగదు, సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో విడిగా గెంటాలి. కంటికి కనపడని ఒక ఖాళీ కోసం ఎం.టెక్. చదివిన కుర్రాడు సాయంత్రమంతా కూర్చుంటాడు.

చార్ట్ తరఫున కూడా కాస్త మాట్లాడాలి. హైదరాబాద్ పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఉంది. బిలాస్‌పూర్ ఛత్తీస్‌గఢ్‌లో ఒకటి, హిమాచల్‌లో ఒకటి. పక్కన రాష్ట్రం కాలమ్, దేశం కాలమ్ పెట్టకుండా ఒట్టి పేరు పడేసి "కనుక్కో" అంటే పోస్ట్‌మ్యాన్ అయినా ఏం చేస్తాడు? పైగా ఎక్సెల్‌కు ఒక గొప్ప గుణం ఉంది. మీరిచ్చిన ప్రాంతాల్లో ఇన్ని శాతమే గట్టి నమ్మకంతో గీశానని మూలన చిన్న గుర్తు పెట్టి మరీ ఒప్పుకుంటుంది. తన రిపోర్టు మీద తనకెంత నమ్మకముందో శాతాల్లో రాసిచ్చిన అధికారిని నేనైతే చూడలేదు.

అసలు భయపడాల్సింది గుర్తుపట్టని జిల్లాకు కాదు, ఇట్టే గుర్తుపట్టేసిన జిల్లాకు. వరంగల్ అని రాయండి, టకీమని రంగు పడుతుంది. కానీ ఏ వరంగల్? 2011 జనాభా లెక్కల్లో వరంగల్ జిల్లా అంటే 35 లక్షల మంది. 2016లో ఆ జిల్లాను ముక్కలు చేశారు. ఆ ముక్కల్లో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ రెండు. 2021లో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఇప్పటి వరంగల్ టీపొడి అమ్మకాలను ఆనాటి 35 లక్షలతో భాగించి చూడండి, జిల్లా జిల్లానే టీ మానేసినట్టు తేలుతుంది. పటం మాత్రం నిండుగా, అందంగా ఉంటుంది. ఎవరికీ మెమో రాదు.

దీనికి మందు లేకపోలేదు. ఒక షీట్‌లో మనం రాసే పేరు, పక్కన పటం ఒప్పుకునే పేరు పెట్టుకుని ఒక పేరు వెతికి దాని పక్కనున్నది తెచ్చిపెట్టే వీలుకప్ ఫార్ములాతో కలిపితే సగం తలనొప్పి పోతుంది. రెండు డేటాలు కలపడానికైతే పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ ఒక కోడ్ ఉంది. నెల్లూరును శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అన్నా, ఎస్పీఎస్ఆర్ నెల్లూరు అన్నా కోడ్ మారదు. అయినా ఈ పద్ధతి ఆఫీసుల్లో పాకలేదు. కారణం సులభం: ఇందులో రాత్రి పదింటిదాకా కూర్చున్నామని చెప్పుకునే వీలు లేదు.

అందుకే బాస్‌లు వేరే పరిష్కారం కనిపెట్టారు. "వచ్చే నెల నుంచి బార్ చార్ట్ పెట్టండి." బార్ చార్ట్ ఏ ప్రశ్నా వెయ్యదు. మహబూబ్‌నగరాబాద్ అని రాసినా, నిటారుగా ఒక కడ్డీ నిలబెట్టి కింద పేరు వేసిపెడుతుంది.