మాస్టారి పాస్‌వర్డ్

మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కల వెబ్‌సైటుకి పాస్‌వర్డ్ ఉండి తీరాలన్నది సెక్రటరీ గారి పట్టుదల. అప్పటిదాకా లింకు తెలిసిన ప్రతివాళ్ళూ లోపలికి వెళ్ళి ఎవరి బాకీ ఎంతో చూసుకునేవారు. చూసి ఊరుకుంటే బాగానే ఉండేది, వాటర్ ట్యాంకర్ ఖర్చు పక్కన ఎవరో "నిజమా?" అని రాసిపోయారు. దాంతో ఐదో అంతస్తు కుర్రాడికి కబురు వెళ్ళింది. బీటెక్ చదివిన పాపానికి లిఫ్టు ఆగినా అతన్నే పిలుస్తారు.

కుర్రాడు బుద్ధిగా లాగిన్ తయారుచేశాడు. ఫ్లాట్ నంబరే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఎవరిష్టం వారిది.

"అందరి పాస్‌వర్డులూ ఓ కాగితం మీద రాసివ్వు బాబూ, నా బీరువాలో భద్రంగా ఉంటాయి" అన్నారు సెక్రటరీ గారు.

"అవి నా దగ్గర కూడా ఉండవంకుల్. బీక్రిప్ట్ అని 1999 నాటి పద్ధతి ఒకటుంది. మరలో గోధుమలు పోస్తే పిండి వస్తుంది, పిండి పోస్తే గోధుమలు రావు కదా! సైటులో ఉండేది పిండే."

సెక్రటరీ గారు కాసేపు ఆలోచించి, "పోనీ, ఆ పిండైనా ఇవ్వు" అన్నారు.

అసలు గొడవ 302లో మొదలైంది. అక్కడుండేది రిటైర్డ్ తెలుగు మాస్టారు. "కనీసం ఒక క్యాపిటల్ లెటర్ ఉండాలి" అని తెర మీద ఎర్రగా కనబడేసరికి ఆయనకి మండింది. "మన అక్షరాల్లో పెద్దవేవి, చిన్నవేవి? ఏదీ, చూపించు!" కుర్రాడు చూపించలేకపోయాడు. పైగా ఇలాంటి షరతులు పెట్టొద్దని, ఏ భాష అక్షరాలైనా, మధ్యలో ఖాళీలైనా ఒప్పుకోమని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పిందని అతనికి తెలుసు. షరతు ఎత్తేశాడు.

మాస్టారికి ఫోన్లో టైపు కొట్టడం చిరాకు. అందుకని వరండాలో నిలబడి, మైకు గుర్తు నొక్కి, చివరి బెంచీకి వినబడే గొంతుతో పాస్‌వర్డ్ చెప్పారు: "మా గుమ్మం ముందు చెప్పులు విడవకూడదు."

చెప్పులు ఎదురు ఫ్లాట్ ఆంటీవి. ఆవిడ తలుపు వెనకే ఉన్నారు.

ఉక్రోషం తీర్చుకోడానికి ఆవిడ తన ఫోన్లో 302 కొట్టి, కింద "మా గుమ్మం ముందు చెప్పులు విడుస్తాం, ఏం చేస్తారు?" అని రాసి నొక్కారు. ఏం చేస్తారు, తలుపు తెరుచుకుంది. లోపల మాస్టారి ఫిర్యాదులన్నీ వరుసగా ఉన్నాయి, ప్రతి ఒక్కటీ ఆవిడ మీదే. ఆ పక్కనే రెండు నెలల మెయింటెనెన్స్ బాకీ.

సాయంత్రానికి పంచాయితీ కమిటీ ముందుకొచ్చింది. జాయింట్ సెక్రటరీని కాబట్టి నేనూ కూర్చోక తప్పలేదు.

"కూడదన్నా ఒకటే, విడుస్తామన్నా ఒకటేనా? ఇదేం తాళమయ్యా?" అని మాస్టారు గర్జించారు. బాకీ ఊసు ఎత్తలేదు.

కుర్రాడు కాగితం మీద లెక్క కట్టాడు. కంప్యూటరు అక్షరాల్ని కొలుచుకునే కొలత బైటు. బీక్రిప్ట్ మొదటి 72 బైట్లే చూస్తుంది, మిగతాది పట్టించుకోదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటుతో సరిపెట్టుకుంటుంది. తెలుగులో హల్లుకి మూడు, గుణింతం గుర్తుకి మూడు, వత్తు రావాలంటే మధ్యలో పొల్లుకి ఇంకో మూడు. ఒక్క "ప్పు"కే పన్నెండు! మాస్టారి వాక్యంలో లెక్క "విడవకూడదు" దగ్గరికొచ్చేసరికి నిండుకుంది.

"వకారం పట్టింది మాస్టారూ. గుడి మాత్రం పూర్తిగా పట్టలేదు, మూడింట రెండొంతులే."

మాస్టారు జీవితంలో విరిగిన గుడి గురించి వినడం అదే మొదటిసారి అనుకుంటాను. "మనం కాదనేది వాక్యం చివర్లోనయ్యా! అంతదాకా వినే ఓపిక లేనిదాన్ని కాపలా పెట్టావా?" అన్నారు. కమిటీలో దీనికి జవాబు చెప్పగలిగినవాళ్ళు లేరు.

కుర్రాడు ఆ రాత్రే మార్చేశాడు. ఇప్పుడు పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా ముందు ఎస్‌హెచ్‌ఏ-256 అనే ఇంకో పద్ధతి దాన్ని చివరిదాకా చూసి పొట్టిగా చేస్తుంది, ఆ తర్వాతే బీక్రిప్ట్‌కి వెళ్తుంది. ఎవరిది పొడుగో ఎవరిది పొట్టో అతనికీ తెలియదు కాబట్టి అందరూ కొత్తవి పెట్టుకోవాల్సి వచ్చింది. సెక్రటరీ గారు మళ్ళీ కాగితం అడిగారు.

మాస్టారు ఈసారి గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మరీ పెట్టుకొచ్చారు. లిఫ్టు దగ్గర ఎదురైన ఆంటీ ఊరుకోకుండా, "మళ్ళీ నా చెప్పుల మీదేనా మాస్టారూ?" అన్నారు.

"అబ్బే, మీ జోలికి రాలేదమ్మా. మీవారి స్కూటర్ పార్కింగ్ మీద!"

పక్కనే ఉన్న కుర్రాడు ల్యాప్‌టాప్ మూసి మెట్ల మీద కూలబడ్డాడు.