గ్యాస్ గారికి, ఇన్నేళ్ళు మీమీద వేసిన నిందలకి క్షమాపణలతో

గ్యాస్ గారూ, నమస్కారం అండీ.

ఎడమ చెయ్యి లాగితే మీరు, దవడ నొప్పి పెడితే మీరు, వీపు మధ్యలో ఎవరో పొడిచినట్టుంటే మీరు, మెట్లెక్కుతుంటే ఛాతీ బరువెక్కితే అదీ మీరే. బొడ్డు దగ్గర్నుంచి దవడ దాకా మనిషి ఒంట్లో ఏం జరిగినా ముద్దాయి మీరొక్కరే, విచారణ లేదు సాక్షులు లేరు, పక్కవాడు "గ్యాస్ అయ్యుంటుందిలే" అని ఒక్క ముక్క అంటే తీర్పు అయిపోయినట్టే. కడుపులో ఉండాల్సిన మనిషి దవడ దాకా ఎలా వెళ్ళాడ్రా అని ఒక్కడూ అడగలేదు చూడండి. మీరు కూడా ఎప్పుడూ నోరు విప్పి నేను కాదని చెప్పలేదు, అంటే విప్పారేమో గానీ అది త్రేనుపు అనుకున్నాం.

నా సంగతే చెప్తా. నాలుగు నెలల పాటు ఆఫీసు మెట్లెక్కుతుంటే కరెక్టుగా రెండో అంతస్తు మలుపు దగ్గరికి రాగానే ఛాతీ మధ్యలో బిగింపు. నొప్పి అనను, బిగింపే, లోపల్నుంచి ఎవరో పిడికిలి మూసినట్టు. వెనకాల వచ్చేవాళ్ళు ఏమనుకుంటారో అని అక్కడ ఆగి ఫోన్ తీసి ఏదో అర్జెంట్ మెసేజ్ చదువుతున్నట్టు నటించేవాణ్ణి, ఇంకో చేత్తో జేబులోంచి గ్యాస్ బిళ్ళ తీసి చప్పరించేవాణ్ణి, ఐదు నిమిషాల్లో మాయం. బిళ్ళకి తగ్గింది కాబట్టి గ్యాసే, ఇంతకంటే సైన్స్ ఏం కావాలి అనుకున్నా. తగ్గింది బిళ్ళ వల్ల కాదు నేను ఆగినందుకు అని ఈ బుర్రకి తట్టలేదు. ఆగితే గుండెకి పని తగ్గుద్ది, పని తగ్గితే సన్నబడ్డ నాళంలోంచి వచ్చే ఆ కాస్త రక్తమే సరిపోద్ది, అంతే. చేసింది మెట్ల మలుపు, పేరు బిళ్ళకి.

ఆఖరికి డాక్టర్ దగ్గరికి వెళ్ళింది కూడా మీ గురించే, ఇంకా స్ట్రాంగ్ బిళ్ళ రాయించుకుందామని. ఆవిడ నన్ను చూసి, నడిస్తే వస్తోందా అంది, అవునన్నా. ఆగితే పోతోందా, అవునన్నా. రోజూ అదే మలుపు దగ్గరా, అవునన్నా. "మరి మీ గ్యాస్‌కి మెట్లు లెక్కపెట్టడం కూడా వచ్చా?" అంది. అక్కడితో నా సైన్స్ అయిపోయింది. కూర్చోబెట్టి తీసిన ఈసీజీ నార్మలే వచ్చింది, నేను లేచి బయల్దేరబోయా కూడా, కూర్చున్నప్పుడు నొప్పి లేదుగా మరి ఈసీజీలో ఏం కనబడుద్ది అని ఆపింది. తర్వాత ట్రెడ్‌మిల్, తర్వాత యాంజియోగ్రామ్, తర్వాత స్టెంట్.

మీమీద ఈ నింద ఇవాళ్టిది కాదులెండి. 1768లోనే విలియం హెబర్డెన్ అని లండన్‌లో ఒక డాక్టరు ఈ నొప్పి గురించి వివరంగా చెప్పాడు, నడుస్తుంటే, అందులోనూ ఎత్తు ఎక్కుతుంటే, అందులోనూ తిన్న వెంటనే నడిస్తే పట్టుకుంటుంది, నిలబడితే వదిలేస్తుంది అని. ఆ "తిన్న వెంటనే" దగ్గరే మీరు ఇరుక్కుపోయారు. పైగా అన్నవాహిక నుంచీ గుండె నుంచీ నొప్పి కబురు మోసుకెళ్ళే నరాలు వెన్నులో ఇంచుమించు ఒక చోటికే చేరతాయి, మెదడుకి ఎవరు పంపిన కబురో తెలీదు. దానికి తోడు మన భాష. పుల్లటి త్రేనుపు వస్తే మనం ఏమంటాం, గుండెల్లో మంట అంటాం. కడుపులో ఉన్న మీకు గుండె అడ్రస్ రాసిచ్చింది మనమే, మళ్ళీ తిట్టేదీ మనమే.

ఈ గోలలో అసలు దొంగలు హాయిగా పనిచేసుకున్నారు. గుండెకి రక్తం తెచ్చే నాళాల లోపలి వెడల్పు ఇంచుమించు 3, 4 మిల్లీమీటర్లు. దాని లోపలి పొర కిందకి ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ దూరుద్ది, శుభ్రం చేద్దామని వచ్చిన తెల్లకణాలు దాన్ని మింగి మింగి కదల్లేక అక్కడే కూలబడతాయి, పైన ఒక పెచ్చు కడుతుంది. బీపీ ఆ పొరని రోజంతా కొడుతూనే ఉంటుంది, సిగరెట్ పొగ గీరుతుంది, షుగర్ తన వంతు తను చేస్తుంది. ఇదంతా ముసలితనంలో మొదలవుద్ది అనుకునేవాణ్ణి, 1953లో కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలు కోసి చూసిన రిపోర్ట్ వచ్చింది, సగటు వయసు 22, వాళ్ళలో 77 శాతం మందికి ఆ నాళాల్లో ఎంతో కొంత జబ్బు ఆనవాళ్ళున్నాయి. 22 ఏళ్ళప్పుడు నాకు గ్యాస్ కూడా లేదండీ.

ఇంకో దారుణం ఏంటంటే గుండెపోటు తెచ్చేది చాలాసార్లు పెద్ద బ్లాక్ కాదు, సగం కూడా మూయని మెత్తటి పెచ్చు ఒకటి పుటుక్కున పగిలి దానిమీద రక్తం గడ్డకడుతుంది. నిన్నటి దాకా గుర్రంలా తిరిగాడండీ అంటారే, అందుకే. స్టెంట్ వేస్తే ఆ ఒక్క చోటే తెరుచుకుంటుంది, మిగతా నాళాలన్నీ పాత యజమానివే, నేనే.

2004లో 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అనే స్టడీ వచ్చింది. మొదటి గుండెపోటు రిస్క్‌లో 90 శాతం పైగా తొమ్మిది విషయాలతోనే లెక్క తేలిపోయింది, సిగరెట్, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, టెన్షన్, ఒళ్ళు కదపకపోవడం లాంటివి. రెండుసార్లు చదివా. మీ పేరు లేదు. నాకున్నవి మాత్రం ఐదు, మా నాన్నగారు దాన్లో లెక్కలోకి రారు గానీ ఆయనకి 52కే గుండెపోటు వచ్చింది, తండ్రికో అన్నకో 55 లోపు గానీ, తల్లికో అక్కకో 65 లోపు గానీ వస్తే మనం ముందే టెస్టులు చేయించుకోవాలంట. ఆ రోజు ఆయనకి కూడా ముందు మీ పేరే చెప్పారు లెండి.

ఈ అసలు దొంగల్లో ఒక్కడూ చప్పుడు చెయ్యడు, అదే నా ఏడుపు. కొలెస్ట్రాల్‌కి త్రేనుపు రాదు, బీపీకి ఉబ్బరం ఉండదు. మీరు రాత్రి రెండింటికి ఇల్లంతా లేపుతారు, వాళ్ళు 20 ఏళ్ళు పక్కనే పడుకుని గురక కూడా పెట్టరు. చేతికి పట్టీ కట్టి చూడాలి, రక్తం తీసి చూడాలి, ఇంకో దారి లేదు. నేను ఆ రక్తం టెస్ట్ "ఖాళీ కడుపుతో వెళ్ళాలిగా" అనే సాకుతో మూడేళ్ళు వాయిదా వేశా.

ఇంకో సిగ్గులేని సంగతి. డాక్టర్ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ళ రాస్తే సైడ్ ఎఫెక్ట్స్ అంట అని పది వీడియోలు చూశా, ఎవరూ రాయకుండా నాలుగు నెలలు చప్పరించిన గ్యాస్ బిళ్ళల మీద ఒక్క వీడియో కూడా చూళ్ళేదు. ఇప్పుడు వేసుకుంటున్నా, ఎల్‌డీఎల్ దిగింది, కాళ్ళు చేతులు బానే ఉన్నాయి. సిగరెట్ మానేసి ఎనిమిది నెలలు, ఏడాది మానితే రిస్క్ దాదాపు సగానికి పడుద్దంట. వారానికి 150 నిమిషాల నడక. లిఫ్ట్ ఉన్నా మళ్ళీ అవే మెట్లు, ఎందుకంటే 1953లోనే లండన్ డబుల్ డెక్కర్ బస్సుల మీద ఇంకో స్టడీ వచ్చింది, అదే బస్సు, అదే రూటు, కూర్చుని తోలే డ్రైవర్లకంటే రోజంతా పై అంతస్తుకి ఎక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ. నేను 18 ఏళ్ళుగా కుర్చీ తోలుతున్నా.

కానీ గ్యాస్ గారూ, మీకూ ఒక మాట. ఆడవాళ్ళకీ షుగర్ ఉన్నవాళ్ళకీ గుండెపోటు ఒక్కోసారి ఛాతీ నొప్పే లేకుండా వాంతి, ఆయాసం, నీరసంతో అచ్చం మీ వేషం వేసుకుని వస్తుంది. చెమటలు పట్టి, కూర్చున్నా తగ్గకపోతే బిళ్ళ వెతక్కూడదు, సొంతంగా బండి నడుపుకుంటూ పోకూడదు, ఆంబులెన్సే.

పోయిన వారం రాత్రి అదే జరిగింది. ఛాతీలో మంట, నుదుటిమీద చెమట, మా ఆవిడ మాట్లాడకుండా ఫోన్ చేసేసింది. ఆంబులెన్స్‌లో నేను ఒక్కసారి కూడా మీ పేరెత్తలేదు, ఒట్టు. ఈసీజీ తీశారు, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ అనే రక్తం టెస్ట్ ఒకసారి చేశారు, కొన్ని గంటలు ఆగి మళ్ళీ చేశారు, తెల్లారాక ఆ కుర్ర డాక్టరు కాస్త మొహమాటపడుతూ వచ్చి "గ్యాసేనండీ" అన్నాడు. నా జీవితంలో మొదటిసారి విచారణ జరిపి, సాక్ష్యాలతో సహా మీ నేరం రుజువైంది. డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకున్నా. ఒక కాపీ దీంతో జత చేస్తున్నా, అందినట్టు ఒక త్రేనుపు పంపగలరు.

ఇట్లు
రెండో అంతస్తు మలుపు