నాన్చుడు శాఖాధిపతి, మా బాత్రూం బకెట్ గారికి

మహారాజశ్రీ నీలం బకెట్ గారికి,
గీజర్ కింద మూల, కామన్ బాత్రూం, నాలుగో అంతస్తు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం–17.

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, నీ మూత తీసి చూసినవాడికి ఆ మాట రాయడానికి చెయ్యి రాదు. పైగా ఆ చెయ్యి ఇప్పుడే మూడోసారి సబ్బు రాసుకుని వచ్చింది. పేరు చివర 'గారు' తగిలించాను కదా అని పొంగిపోకు. ఆఫీసులో ఫైలు కదలాలంటే అలాగే రాస్తాం. ఇక్కణ్ణుంచి నువ్వనే అంటాను.

పూర్ణా మార్కెట్‌లో నిన్ను కొన్న రోజు నాకింకా గుర్తుంది. 20 లీటర్లు పడుతుంది, మూత ఫ్రీ అన్నాడు కొట్టువాడు. ఈ రోజుల్లో కరివేపాకు కూడా ఫ్రీగా ఇవ్వట్లేదే, మూత ఎందుకిస్తున్నాడని అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. స్కూటర్ ముందు నిలబెట్టుకుని జగదాంబ మీదుగా ఊరేగించి మరీ తెచ్చాను.

నిన్ను తేవడానికి కారణం మా బుజ్జిగాడు. రెండేళ్ల నాలుగు నెలలు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు పిల్లలు తమంతట తామే సిద్ధమవుతారు, తొందర పెట్టకండి అన్నారు డాక్టరు గారు. మా ఇంట్లో ముందు మా ఆవిడ సిద్ధమైంది. తరవాత బాతు బొమ్మ పాటీ సీటు సిద్ధమైంది. ఆ తరవాత డజను నిక్కర్లు, ఆఖరున నువ్వు. వాడొక్కడే ఇంకా ఆలోచనలో ఉన్నాడు. ఆ బాతు మీద కారు బొమ్మలన్నీ కూర్చోబెడతాడు, పక్కకొచ్చి సోఫా వెనక తన పని కానిచ్చేస్తాడు. రోజుకి ఎనిమిది నిక్కర్లు. మంచి రోజైతే ఆరు.

ఆ నిక్కర్లన్నీ నీ దగ్గరికే. "నానెయ్" అంటుంది మా ఆవిడ, "నానేశా" అంటాను నేను. ఈ మాట రోజుకి పదిసార్లు వినీ వినీ వాడు నీకు 'నానా' అని పేరే పెట్టేశాడు. నేను 'నాన్న', నువ్వు 'నానా'. మన తెలుగు ఎంత ముందుచూపున్న భాషో చూడు. బట్ట నానితే నానడం, పని నానిస్తే నాన్చడం. ఒకే ధాతువులోంచి ఇద్దరం పుట్టాం. నిక్కరు నీలో పడేసి, రెండు మగ్గుల నీళ్లు పోసి, గుప్పెడు సబ్బుపొడి చల్లి, మూత పెట్టి, చేతులు దులుపుకుని టీవీ ముందు కూర్చున్న ప్రతిసారీ నేను పని చేశాననే అనుకున్నాను. మూత ఎవరు తీస్తున్నారో, లోపలున్నది ఎవరు పిండుతున్నారో ఎప్పుడూ విచారించలేదు. సాయంత్రానికి బాల్కనీలో నిక్కర్లు ఆరుతూ కనిపించేవి. నువ్వే ఉతికి ఆరేస్తున్నావేమో అన్నంత ధీమాగా ఉండేవాణ్ణి.

దసరా తరవాత నీ బండారం బయటపడింది. నాదీ పడిందనుకో. మా ఆవిడ ఆఫీసు ట్రైనింగ్ అని అయిదు రోజులు హైదరాబాద్ వెళ్లింది. పనమ్మేమో పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూడ్డానికి విజయనగరం వెళ్లింది. ఇంట్లో మిగిలింది నాన్న, నానా, బుజ్జిగాడు.

ఆదివారం సాయంత్రం వాణ్ణి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. కురుసుర సబ్‌మెరైన్ ముందు నిలబెట్టి, 1969 నుంచి 2001 దాకా మన నేవీలో పనిచేసిందిరా, నీళ్లలో మునిగినా లోపలికి చుక్క రానివ్వదురా అని గొప్పగా చెబుతున్నాను. వాడు సబ్‌మెరైన్‌ని తదేకంగా చూస్తూ కదలకుండా నిలబడ్డాడు. అంత శ్రద్ధగా వింటున్నాడంటే చరిత్ర మీద ఆసక్తేమో అని మురిసిపోయాను. కాదు. ఆ నిలబడ్డం వేరే నిలబడ్డం. లోపలికి చుక్క రానివ్వని ఓడ ముందు మావాడు లోపల ఏదీ మిగల్చకుండా బయటికి పంపించేశాడు. ముందొకటి, వెనక ఇంకొకటి.

సంచిలో ఇంకో నిక్కరుందా? లేదు. కవరుందా? చేతిలో మురీ మిక్చర్ కవరుంది. ఆ మిక్చర్ అక్కడే గబగబా నోట్లో పోసుకుని (సగమే తిన్నా, ఇంకా కారం తగ్గలేదు) నిక్కరు అందులో చుట్టి, వాడికి నా కర్చీఫ్ కట్టి ఇంటికొచ్చాను. చుట్టింది చుట్టినట్టే నీలో పడేశాను. నీళ్లు, సబ్బుపొడి, మూత. పని అయిపోయింది.

సోమవారం వాన పడింది. ఇంకో తొమ్మిది నిక్కర్లు నీలో చేరాయి. మంగళవారం పొద్దున డ్రాయర్ లాగితే ఉతికినవి ఒక్కటీ లేవు. అప్పుడు తీశాను మూత.

కళ్లు మండాయి. ఉచ్చలోని యూరియాని బాక్టీరియా తింటూ అమ్మోనియా చేస్తుందని చిన్నప్పుడు చదివినట్టే ఉంది. విశాఖ ఉక్కపోతలో మూతపెట్టిన బకెట్‌లో రెండు రోజులంటే వాటికి పెళ్లిభోజనమే. నేను నానబెట్టానని అనుకున్నది నిజానికి పులియబెట్టాను. దోసెల పిండైతే ఈపాటికి ఇరుగుపొరుగు మెచ్చుకునేవారు.

వేడినీళ్లు పోస్తే అన్నీ చస్తాయని గీజర్ మరగబెట్టి ధారగా పోశాను. ముక్కు మూసుకుని విజయనగరంలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేశాను.

"నానబెట్టడమేట్రా! ముందు దులిపి కమోడ్‌లో పడేసి, పారే నీళ్ల కింద పెట్టి, అప్పుడు కదా నానేసేది. వేణ్ణీళ్లు పోసీసినావా? ఇంకేటుంది, మరక ఉడికిపోయుంటాది."

అమ్మ ప్రొటీన్ల గురించి ఎక్కడా చదవలేదు. అయినా అదే సంగతి. కోడిగుడ్డు వేడికి గట్టిపడినట్టే, ఆ మరకలో ఉండే ప్రొటీన్ మరిగే నీళ్లకి గడ్డకట్టి దారాల్ని పట్టుకుంటుంది. ముందు చన్నీళ్లు. ఆ తరవాత ఎంజైములున్న సబ్బుపొడి వేసి గోరువెచ్చని నీళ్లలో ఓ అరగంట, మహా అయితే గంట. అంతే నీ ఉద్యోగం. నేను నీకు రెండు రోజులు ఓవర్‌టైం వేశాను.

తరవాత బ్లీచింగ్ సీసా తీశాను. అదృష్టం, అప్పుడే మా ఆవిడ వీడియో కాల్ చేసింది. అమ్మోనియా ఉన్నచోట బ్లీచ్ పోస్తే పుట్టే గాలి ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుందని అరిచినంత పని చేసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకేజీ చూసిన ఊరు ఇది. గ్యాస్ అనే మాట మీద ఇక్కడ నాకు జోకు రాదు. సీసా అటకెక్కించాను.

ఇక చెయ్యి పెట్టడం తప్పలేదు. ఏనుగు బొమ్మల నిక్కరు ఒకటి తీశాను. అదే, సబ్‌మెరైన్ నిక్కరు. రెండు వేళ్లతో పట్టుకుంటే జారింది, నాలుగు వేళ్లతో పట్టుకుంటే వేళ్ల మధ్యకి వచ్చింది. కమోడ్ మీద పట్టి హ్యాండ్ షవర్ నొక్కాను. ఏ కోణంలో నొక్కాలో తెలియాలి దానికి కూడా. మొదటి ధార ఏనుగు తొండానికి తగిలి నేరుగా నా కళ్లద్దాల మీదికి వచ్చింది. బట్ట మధ్యలోది తేలిగ్గానే పోయింది. కాళ్ల దగ్గర ఎలాస్టిక్ మడత తిప్పి చూస్తే, కుట్టు పొడుగునా సన్నటి పసుపు గీత దాక్కుని ఉంది. పాత టూత్‌బ్రష్‌తో ఆ కుట్టు మీద దారం దారం తోమాను. ఒక్క నిక్కరుకి పదకొండు నిమిషాలు. గోడ గడియారం చూసి మరీ చెబుతున్నాను. ఇంకా తొమ్మిదున్నాయి.

ఈ పదకొండు నిమిషాలు ఇన్ని వారాలుగా ఎవరివో నీకు తెలుసు. నువ్వు ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. మూత ఉంది కదా.

మా తాతల నాటి రేవుల్లో రజకులు చౌడు మన్ను వేసి బట్టలు ఉడకేసేవారట. ఆ చౌడులో ఉండే సోడాయే, సోడియం కార్బొనేట్ అని పేరు రాసుకుని, ఇవాళ సబ్బుపొడి ప్యాకెట్లో వస్తోంది. మందు మారలేదు. వాళ్లు రేవుకి చేరిన మూట విప్పి బండ మీదికి ఎత్తేవాళ్లు, నేను మూత పెట్టి టీవీ చూశాను. మా అమ్మ నన్ను పెంచినప్పుడు పాత చీర ముక్కలే తప్ప బకెట్ లేదు, ఎప్పటిదప్పుడే కొళాయి కింద. అందుకే మరకా ఉండేది కాదు, వాసనా ఉండేది కాదు. నడుం నొప్పి మాత్రం ఇప్పటికీ ఉంది.

బుధవారం ఎండ కాసింది. మా బాల్కనీకి పొద్దున్నే సముద్రం వైపు నుంచి సూర్యుడొస్తాడు. మిగిలిన పసుపు గీతలు మధ్యాహ్నానికల్లా సగం వెలిసిపోయాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల పుణ్యం. ఏ సబ్బు ప్రకటనలోనూ ఆయన పేరు చెప్పరు. మెత్తగా ఉంటాయి కదా అని ఫాబ్రిక్ కండిషనర్ పోయబోయి ఆగాను. దళసరి ట్రైనింగ్ నిక్కర్లకి దాని పూత పడితే తడి పీల్చవు, అంతా సోఫాయే పీల్చుకోవాలి.

గురువారం పనమ్మ వచ్చింది. నన్ను చూసింది, తీగ మీది నిక్కర్లు చూసింది, నిన్ను చూసింది. మంగళవారం కథంతా చెప్పాను.

"నానెట్టీసినారా బాబూ, దాసీసినారా?" అంది.

ఆ రాత్రే ఉత్తర్వు జారీ చేశాను. నీలం బకెట్‌ను తక్షణం బాత్రూం నుంచి బాల్కనీకి, మొక్కలకు నీళ్లు పోసే విభాగానికి బదిలీ చేయడమైనది. మడత నలగని ఎనిమిది నిక్కర్లతో, బోసిపోయిన బాత్రూం మూలతో మా ఆవిడకి స్వాగతం పలికాను. ఆవిడ నిక్కర్లు లెక్కపెట్టింది, ఏమీ అనలేదు. నీ బదిలీ సంగతి చెబితే మాత్రం నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇక నిన్న సాయంత్రం సంగతి. బుజ్జిగాడు బాత్రూంలోకి వెళ్లి మూలంతా వెతికాడు. నువ్వు లేవు. హాల్లో బాతు నోరు తెరుచుకుని కూర్చుని ఉంది, దాని మొహం కూడా చూడలేదు. బాల్కనీలోకి వచ్చాడు. కరివేపాకు కుండీ పక్కన నువ్వు, ఖాళీగా, మూత లేకుండా. వాడు నిక్కరు తనే కిందికి లాగాడు. జీవితంలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండా. మునివేళ్ల మీద లేచాడు. చుక్క బయట పడలేదు. ఖాళీ ప్లాస్టిక్ కదా, నాలుగో అంతస్తు నుంచి కింద వాచ్‌మన్‌కి వినపడేట్టు మోగావు. నిక్కరు పొడిగానే ఉంది.

"నానా!" అని అరిచాడు. నన్నో నిన్నో ఇంకా తేలలేదు.

కాబట్టి గురువారం నాటి ఉత్తర్వు రద్దు చేయడమైనది. కడిగించుకుని వెంటనే బాత్రూంలో చేరగలవు. మూత మాత్రం నీతో రాదు. కరివేపాకు కుండీ కింద పెట్టేశాం.

ఇట్లు,
బుజ్జిగాడి నాన్న