ఐక్లర్ ఇల్లు గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఐక్లర్ ఇల్లు గారికి, సన్నీవేల్, కాలిఫోర్నియా.

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమో కాదో ఇళ్ళు పరీక్షించే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే గానీ చెప్పలేం.

మీ పుట్టుపూర్వోత్తరాలు ఈ వీధిలో ఎవర్ని కదిపినా చెబుతారు. వెన్న, గుడ్ల టోకు వ్యాపారం చేసిన జోసెఫ్ ఐక్లర్, పేరుమోసిన ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన ఇంట్లో కొన్నాళ్ళు అద్దెకున్నాడట. అద్దె ఇల్లు నచ్చితే మనమైతే ఓనర్‌ని బతిమాలి ఇంకో ఏడాది ఉంటాం. ఆయన అంతటితో ఆగలేదు. అలాంటి ఇళ్ళు మధ్యతరగతికి అందాలని 1949 మొదలు పాతికేళ్ళలో సుమారు 11,000 కట్టేశాడు, దాదాపు అన్నీ కాలిఫోర్నియాలోనే. మధ్యతరగతి అంటే ఎవరో ఇప్పుడు మీరే సెలవివ్వాలి. ఇవాళ మీ గడప తొక్కాలంటే 20 లక్షల డాలర్ల పైమాటే. మా ఇంట్లో రెండు సాఫ్ట్‌వేర్ జీతాలు. ఒకటి మీ మార్ట్‌గేజ్‌కి, రెండోది మీ ఆరోగ్యానికి.

గడప అంటే గుర్తొచ్చింది. వీధిలోంచి చూస్తే అసలు మీ ముఖం ఏదండీ? గరాజ్ తలుపు, నిలువు గాడుల చెక్క గోడ, అంతే. ఒక్క కిటికీ ఉండదు. దసరాకి పిలిచిన వాళ్ళు కార్ల షెడ్డు అనుకొని ముందుకెళ్ళిపోయి ఫోన్ చేస్తారు. ఎలాగో తలుపు దొరికి లోపలికి అడుగుపెడితే, నెత్తిన ఆకాశం! ఏట్రియం అంటారు. ఇంకో తలుపు దాటితే గానీ ఇల్లు మొదలవదు. కాబట్టి జనవరి వానల్లో చుట్టాలు మా ఇంట్లోకి వచ్చాక తడుస్తారు. మా తాతగారిది కోనసీమలో మండువా లోగిలి. ఇంటి మధ్యలో వాన పడుతోంది, నామోషీ అని మా నాన్నగారు దాన్ని పడగొట్టించి స్లాబు వేయించారు. ఆయన కొడుకు పైసా పైసా కూడబెట్టి, సముద్రాలు దాటొచ్చి, ఇంటి మధ్యలో వాన కొనుక్కున్నాడు.

మావిడాకుల తోరణం వీధి తలుపుకా, లోపలి తలుపుకా అని హైదరాబాద్ సిద్ధాంతిగారిని వీడియో కాల్‌లో అడిగాను. బ్రహ్మస్థానం ఖాళీగా ఉంది, దివ్యంగా ఉంది, రెండింటికీ కట్టండన్నారు. ఫీజు కూడా రెండు గుమ్మాల లెక్కనే తీసుకున్నారు.

ఇక మీకు అటక లేదు. మీ పైకప్పు చెక్కలు లోపలికి కనపడితేనే అందమట, వాటి మీద ఇక కప్పే. ఏసీ గొట్టాలకు చోటు లేదు సరే, బొమ్మల కొలువు పెట్టెలు ఎక్కడ పెట్టాలి? "ఇంత డబ్బు పోసి అటక లేని ఇల్లు కొన్నారా బాబూ?" అని మా అత్తగారు దిగిన రోజే అడిగారు. వంటగదికి తలుపుల్లేవు. చేపల పులుసు పొయ్యి మీదుంటే పడగ్గదిలో మీటింగ్‌లో ఉన్నవాడికి కూడా ఉప్పు సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. వెంకటేశ్వరస్వామి పటానికి మేకు కొట్టబోతే పక్కింటాయన పరుగున వచ్చి "అవి ఒరిజినల్ మహాగని ప్యానెల్స్!" అని సుత్తి పట్టుకున్నాడు. వెనక వైపు గోడలన్నీ అద్దాలు కదా, ఏం చేస్తున్నామో ఆయనకి కనపడుతూనే ఉంటుంది.

పైన ఇంకో గది వేసుకుందామా అంటే, మేడెక్కితే పక్కవాళ్ళ అద్దాల్లోంచి సంసారం కనపడుతుందట. అందుకని మీ భక్తులు చాలాచోట్ల సంతకాలు చేసి మరీ, రెండో అంతస్తు వేయకూడదనే జోనింగ్ నిబంధన తెచ్చుకున్నారు. సన్నీవేల్‌లో మీకంటూ ప్రత్యేక డిజైన్ గైడ్‌లైన్స్ ఉన్నాయి. దగ్గర్లోని పాలో ఆల్టోలో మీ దాయాదులు, గ్రీన్ గేబుల్స్, గ్రీన్‌మెడో కాలనీల వాళ్ళు, 2005లో ఏకంగా జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌కెక్కారు. తాజ్‌మహల్‌లో కాపురం పెడితే ఇన్ని షరతులుంటాయో ఉండవో.

ఒక్క విషయంలో మాత్రం మీకు నిజంగానే దండం పెడతాను. ఒంటి రంగు చూసి ఇళ్ళమ్మే రోజుల్లో మీ ఐక్లర్ ఎవరికైనా అమ్ముతానన్నాడు. జాతీయ బిల్డర్ల సంఘం వివక్షకు వ్యతిరేకంగా నిలబడనందుకు 1958లో దానికి రాజీనామా ఇచ్చాడు. అప్పట్లో రంగు అడిగేవాళ్ళు, ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతున్నారు. మీ వీధిలో టీచరూ నర్సూ ఎందుకు కనపడరో ఆయనకి ఎవరు చెబుతారు?

మీ నేల సంగతి. కాంక్రీట్‌లో పాతిన గొట్టాల్లో వేడినీళ్ళు తిప్పి ఇల్లు వెచ్చబెట్టడం గొప్ప ఆలోచన. కానీ కొరియా యుద్ధం నాటి రాగి కరువులో కొన్ని ఇళ్ళకు ఉక్కు గొట్టాలు వేశారు, అవి తుప్పు పట్టాయి. మీవి ఏ గొట్టాలైనా, కారడం మొదలైతే నేల తవ్వాలి. ఆ మాట ఇంట్లో ఎత్తే ధైర్యం నాకు లేదు. ఎందుకంటే డిసెంబర్ పొద్దున మా అత్తగారు ఆ నేల మీద అరికాళ్ళు ఆనించి, "అమ్మయ్య" అని, చాప పరుచుకొని అక్కడే కూర్చున్నారు. వేల డాలర్ల సోఫా ఖాళీ. మోకాళ్ళ నొప్పుల మాత్రలు కూడా మానేశారు. తెనాలి వెళ్తానని ఆ తర్వాత ఒక్కసారీ అనలేదు. మా ఆవిడ దీన్ని మీ సుగుణాల్లో రాసింది. నేనింకా ఆలోచిస్తున్నాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ మార్ట్‌గేజ్ కట్టే విధేయుడు

తా.క.: అత్తగారు ఈ వేసవికి ఏట్రియంలో గుమ్మడి వడియాలు పెడతారట. గైడ్‌లైన్స్ మొత్తం చదివాను, వడియాల ఊసు ఎక్కడా లేదు.