కేసరాలు లెక్కపెట్టి కాలువ ఆకు కోసుకోకండి

మార్చి వచ్చిందంటే చాలు, ఇంగ్లండ్‌లో ఉన్న మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. ఈసారి నాకు మూడు వైపుల నుంచి వచ్చింది, అందులో ఒకటి హైదరాబాద్ నుంచి మా అత్తయ్య పంపింది. విషయం ఇదీ: "కాలువల పక్కన ఫ్రీగా దొరికే బిటర్‌క్రెస్ ఆవాల కుటుంబం ఆకుకూర. గుర్తుపట్టడం చిటికెలో పని. కాండం మీద నూగుంటే హెయిరీ, నున్నగా ఉంటే వేవీ. కేసరాలు నాలుగైతే హెయిరీ, ఆరైతే వేవీ. పువ్వు ఊదాగా ఉంటే లార్జ్. పేరేదైనా అన్నీ వాటర్‌క్రెస్సే, పచ్చిగా తినేయండి." హెయిరీ, వేవీ, లార్జ్ అంటే బిటర్‌క్రెస్‌లో మూడు రకాలు, వాటర్‌క్రెస్ నీళ్లలో పెరిగే ఇంకో ఆకుకూర, కేసరాలంటే పువ్వు మధ్యలో పుప్పొడి మోసే సన్నటి కాడలు.

రెడింగ్‌లో మా ఇంటి దగ్గర వాగు వెంట భూతద్దం పట్టుకుని తిరిగే పిచ్చి నాకుంది కాబట్టి చెప్తున్నా, ఆవాల కుటుంబం అన్నది సరే, మిగతావాటిలో ఒక్కటి సగం నిజం, తక్కినవి కావు.

నూగు సంగతి పూర్తిగా తలకిందులు. హెయిరీ అని పేరు పెట్టారు కదా అని కాండం తడిమితే అది దాదాపు నున్నగా ఉంటుంది, ఉన్న కాస్త నూగూ ఆకుల మీద, ఆకు కాడల మీద. కాండం మీద, ముఖ్యంగా కింది భాగంలో, నూగు బాగా కనిపించేది వేవీకి. అంటే ఈ ఫార్వర్డ్ నమ్మినవాళ్లు ప్రతిసారీ ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటారు. పేరు చూసి మొక్కని ఊహించుకుంటే ఇలాగే ఉంటుంది.

కేసరాల లెక్క ఆ సగం నిజం. మామూలుగా హెయిరీకి నాలుగు, వేవీకి ఆరు, పుస్తకాల్లోనూ అదే ఉంటుంది. కానీ హెయిరీలో ఒకే మొక్క మీద ఒక పువ్వుకి నాలుగు, పక్క పువ్వుకి ఐదు, ఇంకోదానికి ఆరు కూడా ఉండొచ్చు, వేవీకి అప్పుడప్పుడూ నాలుగే ఉంటాయి. రేక మూడు మిల్లీమీటర్లుండే పువ్వులో, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, ఒక్క పువ్వు లెక్కపెట్టి తీర్పు ఇచ్చేయడమేంటి? ఐదారు పువ్వులు చూడండి, ఆ తర్వాత మొక్క మొత్తం చూడండి. హెయిరీకి నేలకి అతుక్కున్న ఆకుల గుత్తి కాయలు కాసేదాకా చక్కగా ఉంటుంది, కాండం మీద ఆకులు రెండు మూడు, మహా అయితే నాలుగు. వేవీకి ఆ అడుగు గుత్తి పలచన, కాండం మీద మాత్రం నాలుగు నుంచి పది ఆకులు, కాండం కణుపు కణుపుకీ కాస్త అటూ ఇటూ వంగుతూ పోతుంది. హెయిరీ కాయలు నిటారుగా లేచి పైనున్న పువ్వుల్ని దాటిపోతాయి, దూరం నుంచే తెలిసిపోతుంది. వేవీలో అంత దాటవు.

అసలు ఈ గందరగోళానికి కారణం వేరే ఉంది, నాకు ఈ మొక్కల్లో బాగా నచ్చిన సంగతి అదే. వేవీ పుట్టింది హెయిరీకీ లార్జ్‌కీ కలిసిన సంకరం నుంచి. ఆ రెండింటికీ 16 చొప్పున క్రోమోజోములు, వేవీకి 32. తల్లి పోలికలూ తండ్రి పోలికలూ రెండూ వచ్చిన బిడ్డని ఒక్క ముక్కు చూసి ఎవరి పిల్లో చెప్పమంటే ఎలా? ఇది చాలదన్నట్టు, జపాన్, చైనా వరి మళ్లలో కలుపుగా పెరిగేదాన్ని కూడా చాలాకాలం వేవీ అనే పిలిచారు. అది వేరే జాతి అని, దాని సరైన పేరు కార్డమైన్ ఒకల్టా అని 2016లో తేల్చారు. నర్సరీ కుండీల్లో పడి అది యూరప్‌కీ వచ్చేసింది.

ఊదా పువ్వు మాట ఎక్కడ పుట్టిందో ఊహించగలను. లార్జ్ బిటర్‌క్రెస్‌లో ఊదాగా ఉండేవి కేసరాల చివర ఉండే పుప్పొడి తిత్తులు, రేకలు తెల్లనివే. ఎవరో సగం చదివి పువ్వే ఊదా అనేశారు. తడి పచ్చిక బయళ్లలో లేత ఊదాగా పూసేది కుకూఫ్లవర్, దాని తిత్తులు పసుపు. వాటర్‌క్రెస్ తిత్తులూ పసుపే, రేకలేమో తెలుపు. కాబట్టి నీళ్లలో తెల్ల పువ్వు కనిపిస్తే అప్పుడే విచ్చిన పువ్వు లోపలికి చూడండి. అనుమానం తీరకపోతే కాడ తుంచండి: వాటర్‌క్రెస్‌ది గొట్టంలా బోలు, లార్జ్‌కి లోపల గుజ్జుంటుంది. ఎండిన బిటర్‌క్రెస్ కాయని ముట్టుకుంటే టప్పున చిట్లి గింజలు మొహాన కొడతాయి, వాటర్‌క్రెస్ కాయ అలా పేలదు. అన్నీ ఒకటే ఎలా అవుతాయి?

ఇక "పచ్చిగా తినేయండి". బిటర్‌క్రెస్‌లలో విషం లేదు, ఒప్పుకుంటా. భయమల్లా వాటి పక్కన పెరిగేదాని గురించి. అదే వాగు ఒడ్డున హెమ్లాక్ వాటర్ డ్రాప్‌వర్ట్ పెరుగుతుంది, బ్రిటన్‌లో ఇంతకన్నా విషపు మొక్కలు అరుదు. మార్చిలో పువ్వుండదు, ఆకు అచ్చం మన కొత్తిమీరలా ఉంటుంది, గుప్పెట్లో కలిసిపోయిందంటే అంతే. తింటే ఫిట్స్ వస్తాయి, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. వేరు ఇంకా ప్రమాదం.

రెండో భయం కార్జపు జలగ, అంటే కాలేయంలో చేరే పురుగు (లివర్ ఫ్లూక్). చెరువు గట్టున మేసిన గొర్రెలకి వస్తుందని మన ఊళ్లలో కాపరులందరికీ తెలుసు. ఇక్కడి వాగుల్లో దాని దగ్గరి చుట్టం ఉంటుంది. నత్తలోంచి బయటికొచ్చిన పిల్ల నీటి ఆకులకి అతుక్కుని గూడు కట్టుకుంటుంది, ఉప్పునీళ్లలో నానబెట్టి కడిగినా పోతుందని గ్యారంటీ లేదు. వాగుకి ఎగువన గొర్రెలో ఆవులో మేస్తుంటే ఆ ఆకు పచ్చిగా ముట్టుకోవద్దు, బాగా ఉడికిస్తే ఆ పిల్ల చస్తుంది. షాపులో ప్యాకెట్ సంగతి వేరు, హాంప్‌షైర్‌లో ఆల్స్‌ఫర్డ్ లాంటి చోట్ల ఊటనీళ్లు, బోరునీళ్లు పారించి మళ్లలో పెంచుతారు.

అన్నట్టు, స్థలం యజమానిని అడక్కుండా వేర్లతో పీకడం ఇక్కడ 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం ప్రకారం నేరం.

ఇదంతా అత్తయ్యకి వాయిస్ మెసేజ్ పెట్టా. "అదంతా సరే గానీ, పప్పులో వేస్తే చేదు రాదూ?" అంది. రాదు అత్తయ్యా, కాస్త ఆవ ఘాటు తప్ప. మొన్న వేసింది వాగుది కాదు, మా పెరట్లో గులాబీ కుండీలో మొలిచిన హెయిరీ.