సవరణ: గిటార్ పికప్ స్విచ్‌లో కామన్ కాలు ఏది?

స్ట్రాట్ తరహా (మూడు పికప్‌లుండే) ఎలక్ట్రిక్ గిటార్‌లో, ఏ పికప్ (గిటార్ తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) సౌండ్ రావాలో ఎంచుకునే అయిదు పొజిషన్ల స్విచ్ మార్చడం గురించి పోయిన వారం రాసినప్పుడు, ‘చివరి కాలే కామన్, వాల్యూమ్ పాట్‌కి వెళ్ళే తీగ దానికే అతికించండి’ అన్నాను. (కామన్ అంటే స్విచ్ ఏ పొజిషన్‌లో ఉన్నా, ఎంచుకున్న పికప్ కాలితో కలిసే కాలు. వాల్యూమ్ పాట్ అంటే సౌండ్ పెంచి తగ్గించే నాబ్ కిందుండే భాగం.) చివరి కాలే కామన్ అనడం తప్పు. అలా చేసి ఇబ్బంది పడినవాళ్ళకు క్షమాపణలు.

నేను చూసి రాసింది రెండు వైపులా నాలుగేసి కాళ్ళుండే పాత తరహా స్విచ్‌ని. కోఠి గుజరాతీ గల్లీలో నాకు దొరికింది మాత్రం ఎనిమిది కాళ్ళూ ఒకే వరుసలో ఉన్న రకం. వీటిలో కాళ్ళ క్రమం తయారీదారుని బట్టి మారుతుంది. చూసి చెప్పలేం, మల్టీమీటర్ పెట్టాల్సిందే.

తీగలు అతికించకముందే మీటర్‌ని కంటిన్యుటీలో (రెండు కాళ్ళు లోపల కలిసుంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టండి. 1, 3, 5 పొజిషన్లలో ఒక్కోసారి ఒక్కో కాలితో కలిసి బీప్ ఇచ్చేది కామన్. 2, 4లో అది ఒకేసారి రెండు కాళ్ళతో కలుస్తుంది. రెండు సర్క్యూట్లు కాబట్టి ఇలాంటివి రెండుంటాయి.

ఇప్పటికే అతికించేశారా? బ్రిడ్జ్ పికప్ (గిటార్ బ్రిడ్జ్ పక్కనుండేది, 1, 2 పొజిషన్లలో పలికేది) తీగ, వాల్యూమ్ తీగ తారుమారైతే 1, 2 పొజిషన్లలో సౌండ్ మామూలుగానే వస్తుంది, మిగతా మూడింటిలో ఏమీ వినబడదు. నాకు సరిగ్గా ఇదే జరిగింది. పికప్ కాలిపోయిందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. పికప్‌కి ఏమీ కాదు, ఆ రెండు తీగలూ మార్చి అతికిస్తే చాలు.

పాత పోస్టులోని బొమ్మ తీసేశాను.